పైమట్టి కుప్ప

“కక్కు. గొంతులో వేలు పెట్టుకుని కక్కెయ్,” అంటున్నాడు మరిది.

పెరట్లో పంపు దగ్గర అతని పెళ్ళాం, ఆ ఇంటి చిన్నకోడలు, వంగి నిలబడింది. ఒక చెయ్యి గోడకి ఆనించింది, ఒక చెయ్యి ఏడో నెల పొట్ట మీద ఉంది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి గాని, నోట్లోంచి చుక్క రావటం లేదు.

“ఐదు నెలలు తిన్నది ఇవాళ కక్కితే వచ్చేస్తుందిట్రా?” అన్నాడు మామగారు వెనక గుమ్మంలో కుర్చీ వేసుకుని. “అదేమన్నా పొద్దుటి కాఫీయా?”

“నువ్వు మాట్లాడకు నాన్నా.”

“నేను నోరు మూసుకుంటే దాన్ని నువ్వే చంపేసేలా ఉన్నావు.”

వదిన చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చింది. మరిది ఒక్కడే కాదు, పాలవాడి దగ్గర్నించి పోస్టుమాన్ దాకా ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ వదినే అంటారు. ఈ ఇంటికి పెద్దకోడలుగా వచ్చి ఇరవయ్యేళ్ళు. పిల్లలు కలగలేదు. ఆ లోటు ఇంట్లోవాళ్ళకి తెలియనివ్వకుండా అందరికీ తనే తల్లయి కూర్చుంది. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరు అలిగినా ముందు వినపడేది ఆ పిలుపే.

ఇవాళ ఆ చెంబుని మరిది అందుకోలేదు.

“ఆ నీళ్ళు అక్కడ పెట్టు వదినా. నేను వేరే పట్టి ఇస్తాలే.”

గట్టిగా కూడా అనలేదు. అరిచి ఉంటే బాగుండేది. వదిన చెంబుని గట్టు మీద పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. తుడవటానికి అక్కడ తడేం లేదు.

నిన్న మధ్యాహ్నం వచ్చిన కాగితం ఇంకా వంటింట్లో డబ్బా కింద ఉంది. దాన్ని పైకి చదివింది ఆవిడే. పరీక్ష ఫలితాలు చదివినట్టు ఇంట్లో ఉన్నవాళ్ళందర్నీ పిలిచి కూర్చోబెట్టి మరీ చదివింది. మూడేళ్ళ కిందట కింది పొలాన్ని బంగారం తవ్వుకునేవాళ్ళకి ఇచ్చారు. రెండేళ్ళు తవ్వి, పద్దెనిమిది గుంటలు మిగిల్చి, కంట్రాక్టరు తన మనుషుల్తో ఉడాయించాడు. ఎలాగో గుంటలు పూడాయి. ఇక మట్టిని మళ్ళీ పొలంగా చెయ్యాలి. దానికి ముందు పరీక్ష చేయించాలని మట్టి ఆఫీసు చుట్టూ తిరిగి, అక్కడి మేడంని బతిమాలి తీసుకొచ్చింది కూడా వదినే.

మేడం ఆరు పొట్లాల మట్టి పట్టుకెళ్ళింది. ఐదు కింది పొలంలోవి. ఆరోది పెరట్లో ఆకుకూర మడిలోది. “ఇది మంచి మట్టి కదమ్మా, పోల్చి చూడ్డానికి ఉంటుంది,” అంది.

ఐదు పొట్లాల్లోనూ పాదరసం ఉంది. అది ఉంటుందని అందరికీ తెలుసు. ఇసుకలో దాక్కున్న బంగారాన్ని పాదరసంతోనే పట్టేవాళ్ళు. కాని అన్నిటికంటే ఎక్కువ ఆరో పొట్లంలో ఉంది. ఆ మడిలో పండినది ఎవరూ తినకూడదనీ, ముఖ్యంగా గర్భిణులూ పసిపిల్లలూ తినకూడదనీ కాగితం చివర రాసి ఉంది. వదిన గొంతు ఆ మాట దగ్గర ఆగలేదు. ఊపులో చదివేసింది. చదివేశాక అర్థమైంది.

చిన్నకోడలికి నెల తప్పిన వారానికి ఆ మడి కట్టింది తనే. ఆకుకూర బాగా తినాలని డాక్టరు చెబితే, బజార్లో వాడిపోయినవి ఎందుకని తనే విత్తనాలు చల్లింది. వద్దంటున్నా పళ్ళెంలో ఇంకో గరిటె వేసింది.

“అక్కా,” అంది చిన్నకోడలు ముఖం కడుక్కుని. నిన్నట్నించీ ఆ పిల్ల తనతో మాట్లాడటం ఇదే మొదలు. “పొద్దున్న కదిలాడు. రెండుసార్లు.”

“కదులుతున్నాడంటే బాగున్నాడే.”

“నీకెలా తెలుసు?”

వదిన గట్టు మీది చెంబుని కాస్త వెనక్కి జరిపింది.

“చాల్లే, పద. బట్టలు సర్దుకో,” అన్నాడు మరిది. అతను సరుకుల వ్యాను నడుపుతాడు. వార్త తెలిసి సగం దారిలోంచి బండి వెనక్కి తిప్పుకొచ్చాడు. సరుకు ఇంకా దింపనేలేదు. “పెద్దాసుపత్రికి పోదాం. అట్నుంచి అటే మీ అమ్మావాళ్ళింటికి. ఇంక ఈ ఇంట్లో మెతుకు ముట్టద్దు.”

“మేడం ఫోన్లో తను వచ్చేదాకా ఆగమందిగా,” అంది వదిన. “ఉత్తరం రాసిస్తానంది. అది లేకపోతే ఆసుపత్రిలో ఆ పరీక్షలు చెయ్యరట.”

“వచ్చాక బయల్దేరతాం. ఈలోగా నువ్వు మాత్రం దానికేం పెట్టకు.”

మామగారు కుర్చీలో కదిలాడు. “ఒరే, అది వదినరా. శత్రువు కాదు.”

“శత్రువైతే జాగ్రత్తపడేవాణ్ణి నాన్నా.”

వదిన ఇంట్లోకి వచ్చేసింది.

ముందు గదిలో మంచం మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఆవిడ భర్త. ఒకప్పుడు బావులు తవ్వించేవాడు. చుట్టుపక్కల ఎక్కడ నీళ్ళు పడతాయో కాలితో తట్టి చెప్పేవాడని పేరు. గుంటల పనిలో దిగాక కంట్రాక్టరుకి కుడిభుజం అయ్యాడు. ఇప్పుడు చొక్కా తొడుక్కుని, మూడో బొత్తాం దగ్గర ఆగిపోయాడు. వేళ్ళు వణుకుతున్నాయి. బొత్తాం కాజాలోకి వెళ్ళినట్టే వెళ్ళి పక్కకి జారుతోంది. ఏడాదిగా ఇంతే. పొద్దున్నే తాగుతున్నాడని వీధిలో అనుకుంటారు. తాగడని వదినకి తెలుసు.

ఆవిడ వంగి బొత్తాలు పెట్టింది.

“నిన్నట్నించీ ఒక్క మాటన్నా మాట్లాడవేంటయ్యా? మీ తమ్ముడు నన్ను ఇంటి మనిషిలా చూడటం లేదు. కనీసం నువ్వన్నా ఒక మాట అనచ్చుగా.”

“ఏమనను?”

“ఏదో ఒకటి. నా తప్పు కాదని.”

మేస్త్రి ఆవిడ ముఖంలోకి చూశాడు. పెదాలు కదిలాయి. బయట స్కూటర్ ఆగిన చప్పుడుకి మళ్ళీ మూసుకున్నాయి.

మట్టి మేడంకి పాతికేళ్ళకి మించి ఉండవు. భుజాన సంచి, సంచిలోంచి తలెత్తిన, లోతు మట్టి తీసే ఇనప బరమా, మోకాళ్ళ దాకా దుమ్ము. మంచినీళ్ళిస్తానంటే వద్దని, తిన్నగా పెరట్లోకి నడిచి మడి పక్కన గొంతుక్కూర్చుంది. మట్టి చేతిలోకి తీసుకుని నలిపింది. వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

“రాత్రంతా ఇదే ఆలోచనమ్మా. పాదరసంతో ఇసుక కడిగిన చోటు ఇక్కడికి ఎంత దూరం?”

“అరమైలు ఉంటుందండీ.”

“గాలికి వచ్చినా, వాన నీళ్ళకి వచ్చినా ఇంత రాదు. ఈ మడిలోకి మట్టి ఎక్కడ్నించి తెచ్చారు?”

“కుప్పలోదండీ,” అంది వదిన. “మన కుప్పలోదే. అంతకంటే మంచి మట్టి ఎక్కడుంది?”

మేడం లేచి నిలబడింది. “పదండి, చూద్దాం.”

ఆ కుప్ప గురించి మేడంకి వేరే చెప్పక్కర్లేదు. మొదటిసారి వచ్చినప్పుడే చూసి ముచ్చటపడింది. మూడేళ్ళ కిందట యంత్రం పొలంలోకి దిగిన రోజున వదిన దాని తొట్టి కింద నిలబడి, పైనున్న మూరెడు నల్లమట్టి వేరే తీసి పెడితే గాని తవ్వనివ్వనంది. కంట్రాక్టరు నవ్వాడు. “బంగారం కింద ఉందమ్మా, మట్టి గురించి ఏడుస్తావేంటి?” అన్నాడు. మామగారు వచ్చి కోడలి పక్కన నిలబడ్డాక నవ్వు మానేశాడు. అలా గట్టున లేచింది ఆ కుప్ప. రెండు గదులంత పొడుగు, ఛాతీ ఎత్తు. ఎండకి మాడకుండా, వానకి కరగకుండా ఏటా దాని మీద జనుము చల్లింది వదిన. గుంటలు పూడాక ఆ మట్టిని తిరిగి పరిస్తే పొలం మళ్ళీ పొలమౌతుంది. అది లేకపోతే ఉన్నది ఒట్టి ఇసుక. నీళ్ళు పోస్తే నీళ్ళు నిలవవు, ఎరువు వేస్తే ఎరువు నిలవదు.

అందరూ బయల్దేరారు. మామగారు కర్ర పొడుచుకుంటూ, మరిది పళ్ళు కొరుకుతూ. చిన్నకోడల్ని వ్యానులో కూర్చోబెట్టి, పొలం గట్టు దాకా తీసుకొచ్చి నీడలో ఆపాడు. మేస్త్రి అందరికంటే వెనక నడిచాడు.

కుప్ప మీద జనుము మోకాలెత్తున పచ్చగా ఉంది.

మేడం బరమా గుచ్చి తిప్పింది. బెత్తెడు లోతుకి పైకి లాగింది. నల్లటి మట్టి, సన్నటి వేళ్ళు, మధ్యలో ఒక వానపాము మెలికలు తిరిగింది.

“చూశారా?” అంది వదిన. నిన్నట్నించీ మొదటిసారి ఆవిడ గొంతులో ప్రాణం వచ్చింది. “చెప్పానా? బతికే ఉంది.”

మేడం మళ్ళీ గుచ్చింది. ఈసారి మూరెడు లోతుకి దింపింది. బరమా చాలా తేలిగ్గా దిగింది. పైకి లాగి కాగితం మీద దులిపింది.

బూడిదరంగు ఇసుక.

మేడం నాలుగు అడుగులు పక్కకి జరిగి గుచ్చింది. ఇసుక. అవతలి చివరకి వెళ్ళి గుచ్చింది. అదీ ఇసుకే. కడిగి పారేసిన ఇసుక, ఎండలో సన్నగా మెరుస్తోంది.

“ఇది మీరు తీసి పెట్టిన మట్టి కాదమ్మా,” అంది మేడం నెమ్మదిగా. “లోపలిదంతా ఎవరో తీసి కడిగేశారు. కడిగిందే తెచ్చి మళ్ళీ కుప్ప పోశారు. పైన బెత్తెడు నల్లమట్టి పొరలా కప్పారు.”

మామగారు వంగి పిడికెడు ఇసుక తీసుకుని, ఎప్పటి అలవాటునో నాలుక దగ్గరకి పెట్టుకోబోయాడు. మేడం ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“తాతగారూ! వద్దు.”

“డెబ్బయ్యేళ్ళుగా ఈ పొలం మట్టి రుచి చూసి విత్తనం వేశానమ్మా,” అన్నాడాయన. చెయ్యి వదిలించుకోలేదు. పిడికిలి విప్పి ఇసుకని కిందకి జారవిడిచాడు. “ఎవడు చేశాడీ పని?”

“ఆ కంట్రాక్టరుగాడే,” అన్నాడు మరిది. “పోయే ముందు—”

“కాదు,” అన్నాడు మేస్త్రి.

అందరూ వెనక్కి తిరిగారు. అతను గట్టు మీద చేతులు చంకల్లో దోపుకుని నిలబడ్డాడు. వణుకు కనపడకుండా అలా పెట్టుకోవటం అతనికి అలవాటైపోయింది.

“నేనే.”

వదినకి ఆ మాట చెవిలో పడింది గాని లోపలికి దిగటానికి కాస్త టైము పట్టింది.

“ఎప్పుడు?”

“కిందటి వానాకాలం. మీ అమ్మకి తుంటి విరిగి నువ్వెళ్ళావు చూడు, అప్పుడు.”

ఇరవై మూడు రోజులు అక్కడుంది తను. తిరిగొచ్చేసరికి పద్దెనిమిది గుంటల్లో పదహారు పూడి ఉన్నాయి. కంట్రాక్టరు సిగ్గుపడి యంత్రం పంపాడని మేస్త్రి చెప్పాడు. ఆ రోజు తను గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఇంటికొచ్చి, తినిపిస్తే గాని వదలనని అతని నోట్లో స్వీటు పెట్టింది. పెళ్ళయిన కొత్తలో కూడా అంత సంతోషం లేదని పక్కింటావిడతో చెప్పుకుంది.

“యంత్రం ఎవడూ ఊరికే పంపడే,” అన్నాడు మేస్త్రి. మాటలు నేలకేసి చెబుతున్నాడు. “కుప్పలో మట్టి ఒక పళ్ళెం కడిగి చూశా. బంగారం రంగు కనపడింది. దాంతో డీజిలు పోయించి, నువ్వొచ్చేలోగా గుంటలు పూడ్పిద్దామనుకున్నా. నీకు పొలం చూపిద్దామనుకున్నా. సగం కడిగి ఆపుదామనే అనుకున్నా. సగంలో సరిపోలేదు.”

“అందుకని మొత్తం కడిగేశావు.”

“మొత్తం.”

“పాదరసం పోసి.”

“అది లేకపోతే దొరకదు.”

మామగారు గట్టు మీద కూలబడ్డాడు. “గుంటలు పూడ్చటానికి మట్టిని అమ్ముకున్నావా? ఒరే, ఇంక ఆ గుంటల మీద ఏం పరుస్తావురా? నీ చొక్కానా?”

ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన నవ్వించటానికి అనలేదు కూడా.

“ఎంతకాలం పడుతుందండీ?” అని మేడంని అడిగింది వదిన. అడుగుతున్నది తనేనా అన్నట్టుంది గొంతు. “మళ్ళీ మూరెడు మట్టి తయారవటానికి?”

మేడం చేతిలో బరమాని తుడుస్తూ ఉండిపోయింది. “దానంతటది తయారవ్వాలంటే మనం ఎవరం ఉండమమ్మా. బయట్నించి తెచ్చి పోసుకోవాలి. అదీ ఈ ఇసుక తీయించి, కింద బంకమట్టి కప్పించాక. చెట్లు పెంచచ్చు, కలపకి పనికొచ్చేవి. తిండి మాత్రం… ఇప్పట్లో ఆ మాట నా చేత చెప్పించకండి.”

వదిన మొగుడి దగ్గరకి నడిచింది. అతనికి మూరెడు దూరంలో ఆగింది.

“మడికి మట్టి కావాలని నేను ఈ కుప్ప తవ్వుతుంటే నువ్వు ఇక్కడే ఉన్నావు.”

“ఊఁ.”

“గంప నా నెత్తికెత్తావు.”

అతను చూపు కుప్ప వైపు తిప్పుకున్నాడు.

“రెండో గంప నువ్వే మోశావు. నీ భుజం మీద. ఏదీ, నా ముఖం చూసి చెప్పు. మోయలేదూ?”

“మోశాను.”

“ఆకులు చిగురించాక ఒకరోజు మడంతా పీకేసి ఉంది. మేకలు పడ్డాయన్నావు.”

“మేకలు కాదు. నేనే పీకాను.”

“మళ్ళీ వేశాను. నీళ్ళు నువ్వే పోశావు.”

“నువ్వు కుప్ప ఇంకా లోతుగా తవ్వుతావేమో, బయటపడిపోతుందేమోనని భయమేసిందే. అంతే. అది విషమని నాకు తెలీదు. ఒట్టు. పాదరసం గాలికి ఎగిరిపోతుందని చెప్పాడు కంట్రాక్టరు. వాన పడితే పోతుందన్నాడు. తెలిస్తే పెట్టనిస్తానా? ఆ పిల్లకి పెట్టనిస్తానా?”

మరిది రెండంగల్లో వచ్చి అన్న చొక్కా కాలరు పట్టుకున్నాడు. ఇందాక వదిన పెట్టిన బొత్తాం తెగి గడ్డిలో పడింది.

“కొట్టు,” అన్నాడు మేస్త్రి. “కొట్టరా.”

మరిది చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. అన్న చేతులు రెండూ చంకల్లోంచి బయటపడి, పట్టుకోవటానికి ఏం దొరక్క గాల్లో వణుకుతున్నాయి. చిన్నప్పుడు ఈత నేర్పిన చేతులవి. మరిది కాలరు వదిలేశాడు. వ్యాను వైపు నడుస్తూ ఏడ్చేశాడు. చిన్నపిల్లాడిలా, పైకి వినపడేలా ఏడ్చాడు.

మేడం ఉత్తరం రాసి వదిన చేతిలో పెట్టింది. “ఇంట్లో అందరికీ రక్తపరీక్ష చేయించండమ్మా. మీ ఆయనకి ముందు. ఆ చేతులు చూస్తుంటే నాకు భయంగా ఉంది. పాదరసం కాల్చినప్పుడు ఆ పొగ పీల్చి ఉంటారు.”

వదిన ఉత్తరం పట్టుకుని వ్యాను దగ్గరకి వెళ్ళింది. కిటికీలోంచి అందించబోయింది. చిన్నకోడలు తీసుకోలేదు. గట్టు మీద జరిగినదంతా ఆ పిల్ల విన్నట్టే ఉంది. ముఖం పాలిపోయి ఉంది.

“ఎక్కక్కా,” అంది.

“నేనెందుకే? మీ ఆయన నన్ను—”

“ఆయన సంగతి వదిలెయ్. ఏం తిన్నావు, ఎన్నాళ్ళు తిన్నావు, ఎంత తిన్నావు అని డాక్టరు అడుగుతుంది. నాకేం గుర్తుంది? నువ్వు పెట్టావు, నేను తిన్నాను. నువ్వే వచ్చి చెప్పు.”

మరిది స్టీరింగు మీద తల ఆనించి ఉన్నాడు. అవుననలేదు, కాదనలేదు. వదిన వెనక తలుపు తీసుకుని, దింపని సరుకుల మధ్య కాస్త చోటు చేసుకుని కూర్చుంది. మేస్త్రి గట్టు మీద అలాగే నిలబడి ఉన్నాడు. రమ్మని ఎవరూ అనలేదు. అతనూ అడగలేదు.

వ్యాను ఊరు దాటింది. అట్టపెట్టెలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి.

“నీకు అనుమానం రాలేదా అక్కా?” అంది చిన్నకోడలు. తల వెనక్కి తిప్పకుండానే అడిగింది. “మట్టి గురించి అంత తెలిసినదానివి. ఇసుకకీ మట్టికీ తేడా తెలీలేదా?”

లేదనటం తేలిక. ఆ మాట నాలుక మీదకి వచ్చింది కూడా.

“ఒకసారి వచ్చింది,” అంది వదిన. “మూడో గంప ఒంపేటప్పుడు తెల్లగా కనిపించింది. వానకి పైన కొట్టుకొచ్చి ఉంటుందిలే అనుకున్నాను. మళ్ళీ చూడలేదు.”

“ఎందుకు చూడలేదు?”

“మూడేళ్ళు కాపలా కాశానే దాన్ని. అది పోయిందని తెలుసుకోవటం ఇష్టం లేక.”

చిన్నకోడలు చెయ్యి వెనక్కి చాపింది. క్షమించానని కాదు. గతుకుల రోడ్డు, పట్టుకోవటానికి ఏదో ఒకటి కావాలి. వదిన ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది.

పెద్దాసుపత్రిలో రెండు గంటలు కూర్చున్నాక పిలుపు వచ్చింది. డాక్టరమ్మ నెరిసిన జుట్టు ముడి వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరకి దించుకుని ఉత్తరం రెండుసార్లు చదివింది. మరిదిని బయట కూర్చోమంది. చిన్నకోడల్ని పడుకోబెట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గుర్రం పరుగులాంటి ఆ చప్పుడుకి చిన్నకోడలు పెదవి కొరుక్కుంది. వదిన గోడకేసి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

“గుండె బాగానే కొట్టుకుంటోంది,” అంది డాక్టరమ్మ. “మిగతాది రక్తం, జుట్టు పరీక్ష చేస్తే గాని చెప్పలేను. ఇప్పుడే ఏడవకండి. ఇప్పుడే నవ్వకండి కూడా. ఏం పెట్టారో మీరు చెప్పండి.”

వదిన చెప్పింది. వారానికి నాలుగు రోజులు, ఒక్కోసారి ఐదు. పూటకి రెండు గరిటెలు. ఉడికించిన నీళ్ళు పారబొయ్యలేదు, బలమని అవి కూడా తాగించింది. డాక్టరమ్మ తల ఎత్తకుండా రాసుకుంటోంది. ఒక్కో మాట చెబుతుంటే వదినకి తన వంటిల్లు తనకే కొత్తగా, భయంగా కనపడుతోంది.

“ఇంట్లో ఎంతమంది?”

“ఐదుగురం.”

“ఆ కూర అందరూ తిన్నారా? పోలిక కోసం అడుగుతున్నాను. ఎవరు ఎంత తిన్నారో తెలిస్తే మాకు కొంత అర్థమౌతుంది.”

“మా మావగారు తిన్నారు, మెత్తగా మెదిపి పెడితే. మరిది బండి మీద తిరుగుతాడు, ఇంట్లో ఉన్న పూట తినేవాడు. నేను రోజూ తిన్నాను, మిగిలిందంతా నేనే తిన్నాను.”

“ఇంకొకరు?”

వదిన చిన్నకోడలి వైపు చూసింది.

“మా బావగారండీ,” అంది చిన్నకోడలు మంచం మీంచి లేచి కూర్చుంటూ. “ఆయన ముట్టుకోరు. ఆకుకూర పడదు ఆయనకి. అక్క వేరే పప్పు వండేది.”

“పడదా? మొదట్నించీనా?” అంది డాక్టరమ్మ కలం ఎత్తి పట్టుకుని.

వదినకి ఒక పళ్ళెం కళ్ళ ముందు కదిలింది. మడి మొదటిసారి కోసిన రోజు వేడివేడిగా వడ్డిస్తే, కడుపులో మంటగా ఉందని పక్కకి నెట్టాడు. రెండోసారి పన్ను నొప్పి అన్నాడు. మూడోసారి ఇంకేదో అన్నాడు. ఆ తర్వాత తనే వడ్డించటం మానేసి, ఒక గిన్నె ఎక్కువ తోముకోవటం అలవాటు చేసుకుంది. అంతకుముందు పంతొమ్మిదేళ్ళూ కాడలు కూడా వదలకుండా, గిన్నె ఊడ్చి తిన్న మనిషి.

“చెప్పండమ్మా,” అంది డాక్టరమ్మ. “మొదట్నించీ తినరా?”

“కాదండీ,” అంది వదిన. “ఐదు నెలల నించే.”

చిన్నకోడలు ముందు డాక్టరమ్మ ముఖం చూసింది. తర్వాత వదిన ముఖం చూసింది. మంచం మీంచి కాళ్ళు దించి, చెప్పులైనా వేసుకోకుండా, మొగుడు కూర్చున్న బయటి బెంచీ వైపు నడిచింది.